దుర్గం పైన నీళ్ళుండాయా?

ఎస్తేరమ్మ టీచరు గురించి ఎవరడిగినా ముందు ఒక మాట చెప్పేస్తాను. ఆమె మంచిదే, కానీ ఆమెతో వేగడం మాత్రం మామూలు సంగతి కాదు. నేను ఆత్మకూరు డిపోలో కండక్టరుని. రూపాయి టికెట్టుకు వంద నోటు చాపే మహానుభావులతో రోజూ వేగేవాణ్ణి. అలాంటి నన్ను, ఆదివారం మధ్యాహ్నం కాస్త ఆలస్యమైతే చాలు, దేవకమ్మ మెస్సు గుమ్మం బయట నిలబెట్టేది. "నేను పిలిచిందాకా ఆడే నిలబడు వెంగయ్యా" అనేది. నలభై దాటిన మనిషిని! లోపల సామ్యేలు కాంపౌండరు కిసుక్కున నవ్వేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా సిగ్గులేకుండా మళ్ళీ ఆదివారం పోయేవాణ్ణి. ఆట అలాంటిది మరి.

ఆట సంగతి చెప్పకపోతే మీరు పేకాట అనుకుంటారు. ఆత్మకూరులో సగం మంది అలాగే అనుకున్నారు. ఇందులో ముక్కలుండవు, పందెం ఉండదు. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్ళం ఆ కథలో మనుషులం. పూర్వకాలం, కోటలు, రాకాసులు, మాయలు, అదంతా. "మీ ముందర గుహ ఉండాది. లోపల్నుంచి గురక వినిపిస్తా ఉండాది. ఇప్పుడు ఏం చేస్తారు?" అని టీచరు అడుగుతుంది. ఏం చేస్తామో మనం చెప్పాలి. కత్తి దూస్తామనొచ్చు, పారిపోతామనొచ్చు, గుహ పక్కన పొయ్యి పెట్టి టీ కాచుకుంటామనొచ్చు. మన పని ఫలించిందో లేదో పాచిక వేసి చూస్తారు. ఆ పాచికకు ఇరవై ముఖాలుంటాయి, పెద్ద అంకె పడితే గెలుపు. మొదటిసారి చూసినప్పుడు నేను రేగ్గాయ అనుకుని చేత్తో నొక్కి చూశాను.

ఇది ఆత్మకూరుకు ఎలా వచ్చిందంటారా? ఎస్తేరమ్మ పుట్టింది ఉదయగిరిలో. వాళ్ళ నాయన అక్కడ మిషన్ బంగళాలో తోటపని చేసేవాడు. ఆమె చదువుకుని సోషల్ టీచరయ్యాక, సెలవుల్లో బంగళాలోని దొరల పిల్లలకు తెలుగు నేర్పేది. ఆ పిల్లలకు ఈ ఆట పిచ్చి. కానీ ప్రతివాడూ వీరుడే కావాలంటాడు, కథ నడిపించేవాడు ఒక్కడూ లేడు. చివరికి టీచరును పట్టుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. "వాళ్ళకు తెలుగు రాలా, నాకు ఆట వచ్చేసింది" అనేది ఆమె. దొరలు దేశం వదిలి పోతూ సామాన్లు పంచిపెట్టినప్పుడు ఊరంతా బీరువాల కోసం, మంచాల కోసం తోసుకుంటే ఈమె ఒక అట్టపెట్టె తెచ్చుకుంది. అందులో నియమాల పుస్తకం, పాచికలు, రెండు పల్చటి కథల పుస్తకాలు ఉన్నాయి. అచ్చేసిన సాహసాలన్నమాట. ఏ గదిలో ఏ రాకాసి, ఏ పెట్టెలో ఏ నిధి, ఏ తలుపు తోస్తే ఎవడి కాలు విరుగుతుంది, అన్నీ పటాలతో సహా ఉంటాయి.

తొంభై నాలుగులో ఆమె ఆత్మకూరు బడికి వచ్చింది. భర్త పోయి అప్పటికే చాలా ఏళ్ళు. భోజనం దేవకమ్మ మెస్సులో. అక్కడే మేము దొరికాం. మెస్సు నడిపే దేవకమ్మ, ఉదయగిరి నుంచే వచ్చి ఇక్కడ కాంపౌండరుగా పనిచేస్తున్న సామ్యేలు, చేజర్ల రైతు రామనారాయణ, నేను. రామనారాయణకు ఆత్మకూరులో ఎప్పుడూ ఏదో ఒక ఆఫీసులో పనుంటుంది. ఆదివారం ఆఫీసులుండవని తెలిసినా వచ్చేవాడు, అలవాటు చొప్పున.

సామ్యేలు చర్చి సంఘంలో పెద్ద. నియమాల పుస్తకం అట్ట మీద కొమ్ముల దయ్యాన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. "దయ్యాలుంటే నేను రాను. పైగా పాచికలు! జూదం గదా టీచరమ్మా!"

"బైబిల్లో అపొస్తలులు చీట్లు వేసి మనిషిని ఎన్నుకోలా? ఇదీ అట్టాంటిదే, కూర్చో" అంది ఆమె. అట్టకు బడిపిల్లల పుస్తకానికి వేసినట్టు ఖాకీ కాగితం వేసేసింది. దయ్యం ఉన్న ప్రతిచోటా ఎలుగుబంటిని పెట్టింది. అందువల్ల మా ఆటలో ఎలుగుబంట్లు మాట్లాడతాయి, మంత్రాలు చదువుతాయి, ఒకటైతే సంస్కృతం కూడా మాట్లాడేది. ఉదయగిరి కొండల్లో నిజం ఎలుగుబంట్లు చూసిన సామ్యేలుకు ఇందులో ఏ అభ్యంతరమూ కనిపించలేదు. మనిషి లాజిక్కు ఎంత విచిత్రమో చూడండి.

రెండు పుస్తకాలూ ఇట్టే అయిపోయాయి. ఇంకా కావాలి. అప్పట్లో నా డ్యూటీ మద్రాసు సర్వీసు మీద. అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు కదా, అక్కడ వెతికే పని నా నెత్తిన పడింది. నాకు ఇంగ్లీషు టికెట్టు మీదున్నంత వరకే వచ్చు. అట్ట మీద కత్తిగానీ, కోరలుగానీ ఉంటే తెచ్చేయమంది టీచరు. తెచ్చాను. ఒకటి కుక్కల పెంపకం. ఒకటి పళ్ళ డాక్టర్లు చదివేది, లోపల బొమ్మలు చూసి దేవకమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఇంకోటి ఫ్రిజ్ రిపేరు పుస్తకం, అట్ట మీద మంచు కారుతున్న గుహలాంటిది ఉంటే నేనేం చేసేది? టీచరు ఒక్కదాన్నీ పారేయలేదు. ఫ్రిజ్‌లో గొట్టాలు తిరిగే పటాన్ని చూసి "భలే సొరంగం వెంగయ్యా" అని దాచిపెట్టుకుంది. నిజం సాహసాలు కూడా దొరికాయి లెండి, మధ్యమధ్యలో.

దొరికినదాన్ని ఉన్నదున్నట్టు ఆడించేది కాదు. అదే ఆమె పనితనం. పుస్తకంలో మంచుతుఫాను ఉంటే మనకు రోహిణికార్తె ఎండ అయ్యేది. చలికి వేళ్ళు ఊడిపోతాయని రాసినచోట వడదెబ్బ తగిలేది. పుస్తకంలో సారాయి సత్రం, ఇక్కడ దేవకమ్మ మెస్సు. కోసుదేరిన చెవుల అడవి మనుషులు వెలుగొండల్లో తేనె పట్టేవాళ్ళయ్యారు. అన్నిటికీ కలిపి ఒక పెద్ద చార్టు మీద పటం గీసింది. ఇటు సోమశిల, అటు ఉదయగిరి, నడుమ ఆత్మకూరు, అనంతసాగరం, చేజర్ల. "మీరు ఎటైనా పోవచ్చు. నేను లాగను, తొయ్యను" అని మొదటి రోజే మాటిచ్చింది. ఆ మాటే ఆమె కొంప ముంచింది.

ఆమెలో లోపాలు లేవని కాదు. గొంతు మార్చడం రాదు. రాక్షసుడైనా, రాణి అయినా, దొంగ అయినా అందరూ హోంవర్కు అడిగే గొంతుతోనే మాట్లాడేవాళ్ళు. ఒకసారి బందిపోటు నాయకుడు నన్ను చూసి "ఏరా, గోళ్ళు కత్తిరించుకోలా?" అన్నాడు.

ఒక వేసవిలో నాకు మద్రాసులో ఇటుకరాయంత పుస్తకం దొరికింది. అట్ట మీద కొండ, కొండ మీద కోట. లోపల మడతలు విప్పితే మంచమంత పటం. బస్సులో ఎవరినీ ముట్టుకోనీయకుండా సంచీతో పాటు చంకలో పెట్టుకుని తెచ్చాను. టీచరు ఆ పటాన్ని మెస్సు బల్ల మీద పరిచి ఎంతసేపు చూసిందో! ఎంగిలి చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయింది.

"ఇది మా దుర్గమే వెంగయ్యా" అంది.

అప్పుడు చెప్పింది. ఉదయగిరిలో వాళ్ళింటి ముంగిట నిలబడితే ఎదురుగా దుర్గమే. పళ్ళు తోముకుంటూ రోజూ దాన్నే చూసేది. ఎక్కుతానంటే వాళ్ళ నాయన "ఆడపిల్లవు, కొండ మీద నీకేం పని?" అన్నాడట. పెళ్ళయ్యాక మొగుడూ అదే మాట. ఇద్దరూ పోయి అడ్డు చెప్పేవాళ్ళు లేకుండా అయ్యేసరికి మోకాళ్ళు పోయాయి. ఆ మాట చెబుతూ నవ్వింది. "మీరు ఎక్కితే మీతోపాటు నేనూ ఎక్కినట్టే గదా" అంది.

వేసవి సెలవులన్నీ నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ కోటను ఉదయగిరికి మార్చింది. బళ్ళు తెరిచాక మొదటి ఆదివారం మమ్మల్ని కొండ కింద నిలబెట్టింది.

"ఎదురుగా దుర్గం. పైన పాడుబడిన కోట. అక్కడ మనిషన్నవాడు లేడు, అయినా పొద్దుగూకితే దీపం వెలగతా ఉండాది. ఇప్పుడు ఏం చేస్తారు?"

"పైన నీళ్ళుండాయా?" అన్నాడు సామ్యేలు.

"ఉండాయి."

"ఎవురు చెప్పినారు? చిన్నప్పుడు నేను సగం ఎక్కినాను టీచరమ్మా. నాలిక పిడచ కట్టుకుపోయింది."

"ఇది ఆటరా సామ్యేలూ!"

"ఆటైతే మాత్రం, దాహం కాదా?"

రామనారాయణ మీసం సర్దుకున్నాడు. "దారి ఎవురి పొలంలోంచి పోతాది? వాళ్ళను అడక్కుండా పోతే రేపు మాటొస్తాది."

"ఎక్కి దిగేసరికి పొద్దుపోతాది. సద్ది ఎవురు కడతారు?" అంది దేవకమ్మ.

నేను ఒక్కణ్ణే బల్ల గుద్ది, కత్తి ఉంది, పదండి ఎక్కుదాం అని అరిచాను. ఎవడు వింటాడు? ఈలోగా రామనారాయణ అనంతసాగరంలో బర్రెలు బాగుంటాయని, ఒకటి కొంటే ప్రయాణంలో పాలకు ఇబ్బంది ఉండదని అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. ఎటైనా పోవచ్చన్నది ఆమే కదా! టీచరు పెదవులు బిగించి, పటం మీద వేలు అనంతసాగరానికి జరిపింది.

ఆ బర్రె బేరమే ఎన్నో ఆదివారాలు తినేసింది. ఒప్పుకోవాలి, నేనూ అందులో పడిపోయాను, ఆ బేరగాడు నన్ను ఒక మాట అన్నాడు మరి. వాడి పెరటి బావిలో ఇత్తడి పెట్టె, దాన్ని చుట్టుకుని తాటిమాను లాంటి పాము. నేను కత్తితో దూకాను. పాచిక మీద రెండు పడింది, బావిలో పడ్డాను. రామనారాయణ తాపీగా పాములవాణ్ణి పిలిపించాడు. పాముకు లేని తొందర నీకెందుకబ్బా అని నన్నే తిట్టాడు.

తర్వాత దుర్గం ఎక్కారా అంటే, లేదు. చేజర్లలో గట్టు తగాదా తీర్చాలన్నాడు రామనారాయణ. ఆటలో కూడా గట్టు తగాదా! హద్దురాయి పెకలిస్తే కింద సొరంగం, ఫ్రిజ్ పటమంత వంకర్లు. అది అయ్యాక సంస్కృతం ఎలుగుబంటి దారికి అడ్డంగా కూర్చుంది. సామ్యేలు దానికి పన్ను పీకాడు. దేవకమ్మ అయితే మరీ అన్యాయం. ఆమె ఆటలో కత్తిపట్టిన వీరనారి. ఆ వీరనారి ఆత్మకూరులో మెస్సు పెట్టింది. "ఇంటికాడా మెస్సే, ఈడా మెస్సేనా మే?" అని నేను అరిస్తే "ఈడ గిరాకీ బాగుంటాది" అంది. ఆ మెస్సుకు తుప్పు కిరీటం పెట్టుకున్న ఒక ముసలాయన వచ్చాడు. ఊరు గుర్తులేదు, పేరు గుర్తులేదు. దేవకమ్మ రోజూ చారన్నం పెట్టింది. ఒకనాడు చారులో ఇంగువ వాసనకు ఆయనకు తన పేరు గుర్తొచ్చింది. ఆ ఆదివారం దేవకమ్మ కొంగుతో ముక్కు చీదుకుంటూనే ఉంది.

ప్రతి ఆటా ముగిశాక టీచరు "దుర్గం అట్నే ఉండాది, దీపం వెలగతానే ఉండాది" అనేది. సామ్యేలు నీళ్ళ సంగతి ఎత్తేవాడు. రానురాను ఆమె దీపం మాట ఎత్తడం మానేసింది. మేము పట్టించుకోలేదు. మా మొహాలకు అంత తెలివి ఎక్కడిది?

తొంభై ఎనిమిది మే నెలలో ఆమెకు ట్రాన్స్‌ఫరు ఆర్డరు వచ్చింది. గూడూరు అవతల ఏదో పల్లె. ఆదివారం ఆత్మకూరు వచ్చి సోమవారం బడికి అందుకోవడమంటే ఆ మోకాళ్ళతో అయ్యే పని కాదు. ఇంకొక్క ఆదివారమే మిగిలింది. దేవకమ్మ మా ముగ్గుర్నీ వంటింట్లోకి పిలిచి గరిటె చూపించింది.

"ఆయమ్మ ఇన్నేళ్ళుగా ఆ కొండ ఎక్కండ్రా అని మొత్తుకుంటా ఉండాది. ఈసారి ఎక్కకపోతే మనం మనుషులమే కాదు."

సామ్యేలు తల వంచుకున్నాడు.

ఆ ఆదివారం నేను అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాను. టీచరు వచ్చి, నన్ను చూసి, గోడ గడియారం ఆగిపోయిందేమోనని చూసింది. చార్టు పరిచి "ఇప్పుడు ఏం చేస్తారు?" అంది.

"దుర్గం ఎక్కతాం!" అన్నాం నలుగురం.

సంతోషంతో ఎగిరి గంతేస్తుందనుకున్నాం. ఆమె మొహం మాడిపోయింది.

"ఇప్పుడెందుకు? మండే ఎండ" అంది.

"బర్రె మీద నీళ్ళకుండలు ఎక్కించినాను టీచరమ్మా" అన్నాడు సామ్యేలు.

"దారి పొలాలవాళ్ళది."

"అందర్నీ అడిగి ఒప్పించినాను. సంతకాలు కూడా పెట్టించినా" అన్నాడు రామనారాయణ.

"తిండి..."

దేవకమ్మ పులిహోర పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆటలో కాదు, నిజం పొట్లమే. 

టీచరు ఊరుకోలేదు. కొండచరియ విరిగిపడిందంది. పక్కనుంచి ఎక్కాం. తేనెటీగలు లేచాయంది. పొగ పెట్టాం. మెట్లు లేవంది. తాడు వేశాం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంది టీచరమ్మా ఇది? ఇన్నేళ్ళు రమ్మని, ఇప్పుడు వస్తా ఉంటే తరిమేస్తారా? లాగను తొయ్యను అన్నది ఎవురు?"

ఆమె చేతిలో పాచికను బల్ల మీద పెట్టేసింది.

"సరే. ఎక్కేసినారు. కోట తలుపు తీసే ఉండాది" అంది చివరికి.

"లోపలేముండాది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంది? దీపం?"

"దీపమూ లేదు వెంగయ్యా. ఖాళీ. అంతా అయిపోయింది." ఆమె చార్టు మీద దుర్గం దగ్గర వేలు పెట్టింది. "మీరు రాకపోతిరి. ప్రతి ఆదివారం మీకు ఏదో ఒకటి పెట్టాల గదా? నా కాడ ఆడని పుస్తకం ఇంకోటి లేదు. ఈ కోటలోనుంచే ఒక్కొక్క గదీ తీసి, మీరు పోయినచోటంతా పెట్టుకుంటా వచ్చినాను. బావిలో పాము ఈడ రెండో గదిలోది. ఇత్తడి పెట్టె మూడో గదిలోది. హద్దురాయి కింద సొరంగం కోట అడుగున ఉండాల్సింది, దాని పటం బళ్ళో పిల్లలు చించేస్తే నీ ఫ్రిజ్ పటం పెట్టినాను. ఎలుగుబంటి ఈ తలుపు కావలి."

దేవకమ్మ లేచి నిలబడింది. "మా చారన్నం ముసలాయనో?"

"ఆయనే కోట రాజు. పైన సింహాసనం మీద ఉండాల్సినాయన. మీరు ఎక్కలా, ఆయనే దిగి వచ్చినాడు."

ఇన్నేళ్ళు మేము కొండ ఎక్కం అని మొండికేస్తే, కొండ మీదున్నదంతా మా కాళ్ళ దగ్గరికి మోసుకొచ్చి పెట్టింది ఆమె, అదీ మాకు తెలియకుండా. రామనారాయణ కండువాతో మొహం తుడుచుకున్నాడు. అసాధ్యురాలు అన్నాడు మెల్లగా.

"మరి మీరో?" అన్నాను నేను. "మేమెక్కితే మీరూ ఎక్కినట్టే అన్నారు గదా."

"ఈ రోజు తలుపు దాకా వచ్చినారు గదా, చాల్లే అబ్బయా" అని ఆమె చార్టు చుట్టడం మొదలుపెట్టింది.

"చాలదు!" అని అరిచాను. నాకు ఎప్పుడు కోపం రావాలో ఎప్పుడు రాకూడదో తెలియదని డిపోలో అంటారు. ఆ రోజు మాత్రం సరైన సమయానికే వచ్చింది. "లేవండి ఆ కుర్చీలోనుంచి. ఇటొచ్చి కూర్చోండి."

ఆమె బిత్తరపోయి లేచింది. బంగళాలో పిల్లలు కూర్చోబెట్టినప్పటి నుంచి ఆమె కూర్చున్నది ఆ ఒక్క కుర్చీలోనే, ఒక్కసారి కూడా వీరుల వైపు కూర్చోలేదు. నా బెంచీ మీద, సామ్యేలు పక్కన ఆమెను కూర్చోబెట్టి నేను ఆమె కుర్చీలో కూర్చున్నాను. ఇరవై ముఖాల పాచిక ఆమె చేతిలో పెట్టాను.

"మీ ఎదురుగా దుర్గం. పైన ఖాళీ కోట. ఖాళీ అని అందరూ అంటారు. కానీ ఇప్పుడే పైన దీపం వెలిగింది. ఇప్పుడు ఏం చేస్తారు?"

ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. తర్వాత చేతులు కట్టుకుంది.

"పైన నీళ్ళుండాయా?"

దేవకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సామ్యేలు మొహం కందగడ్డ అయింది. "ఉండాయి టీచరమ్మా" అన్నాడు.

"ఎవురు చెప్పినారు? దారి ఎవురి పొలంలోంచి పోతాది? సద్ది ఎవురు కడతారు? అనంతసాగరంలో బర్రెలు బాగుంటాయంట గదా, అటు పోదామా?"

ఇన్నేళ్ళ కసి తీర్చుకుంది మహాతల్లి. అన్నిటికీ జవాబు చెప్పుకున్నాం, ఏం చేస్తాం, చేసుకున్నవాడికి చేసుకున్నంత. అంతా అయ్యాక ఆమె వంగి చెప్పులు విప్పింది. బల్ల కిందకి నెట్టింది.

"చెప్పులతో జారతాది. ఎక్కతాను పదండి" అంది.

ఎక్కించాను. తొందర లేకుండా ఎక్కించాను. కింద మిషన్ బంగళా, వాళ్ళ పెంకుటిల్లు, ఇంటి ముంగిలి ఎంత చిన్నగా కనిపిస్తున్నాయో చెప్పాను. ఆమె ఆ ముంగిలిని మళ్ళీ చెప్పమంది. చెప్పాను. కోట తలుపు దగ్గరికొచ్చాక నాకు చెమటలు పట్టాయి, లోపల ఏముందో నాకూ తెలియదు. చేతికందిందే పెట్టాను.

"తలుపు కాడ ఎలుగుబంటి ఉండాది."

"మాట్లాడతాదా?"

"మాట్లాడతాది."

"ఏమంటా ఉండాది?"

నేను గొంతు సర్దుకున్నాను. "ఏం ఎస్తేరూ, ఇంత ఆలస్యమా? నేను పిలిచిందాకా ఆడే నిలబడు, అంటా ఉండాది."

ఆమె నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. బల్ల పట్టుకుని, వట్టి కాళ్ళతో, నిజంగానే లేచి నిలబడింది.

"అయ్యో, మోకాళ్ళు నొప్పి గదమ్మా, కూర్చోండి" అంది దేవకమ్మ.

"ఉండు దేవకమ్మా" అంది ఎస్తేరమ్మ టీచరు, నా వైపే చూస్తూ. "ఇంకా లోపలికి పిలవలా."